పాత ఫొటోలో ఉన్నదంతా అప్పట్లో ఒప్పేనా?

విశాఖ పాతనగరం సందుల్లో, భీమిలి పెంకుటిళ్లలో గోడకు వేలాడే పెళ్లిఫొటోల్లో ఇలాంటిది తరచు కనిపిస్తుంది. చెక్క కుర్చీలో పెళ్లికూతురు కూర్చుని ఉంటుంది. నుదుట బాసికం, ఒళ్లో బిగించి పట్టుకున్న చేతులు, మోకాళ్ల దగ్గర కుప్పగా పోగైన పట్టుచీర. కాళ్లు నేలకు అందవు, పాదాలు గాల్లో వేలాడుతుంటాయి. పక్కన తలపాగా పెట్టుకుని నిలబడ్డ పెళ్లికొడుకుకు మీసం కూడా సరిగ్గా మొలవలేదు. వెనక గుడ్డ మీద స్తంభాలు, మెట్లు, తోట. అట్ట కింద బంగారు రంగులో స్టూడియో పేరు సగం చెరిగిపోయి ఉంటుంది.

ఇది చూసిన మనవరాలు "ఇదెలా ఒప్పుకున్నారు?" అంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు "అప్పట్లో అంతేనమ్మా" అంటారు. ప్రశ్న సరైనదే గానీ, జవాబు మాత్రం చాలదు. ఆ "అంతే"లో నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. సర్కారు లైసెన్సు ఇచ్చి మరీ జరగనిచ్చినవి కొన్ని. చట్టం అసలు పట్టించుకోనివి కొన్ని. చట్టం కాదన్నా ఆగకుండా సాగినవి కొన్ని. అసలు జరగకుండానే కెమెరా కోసం పెట్టినవి ఇంకొన్ని. ఫొటోలో నాలుగూ ఒకేలా ఉంటాయి. వాటిని విడదీయాలంటే ముందు తేదీ, తర్వాత చోటు, ఆ తర్వాత ఆ తేదీన ఆ చోట నడిచిన చట్టం తెలియాలి. ఈ వరస తప్పితే నిర్ణయమూ తప్పుతుంది.

పెళ్లిఫొటోకు తేదీ ఎందుకంత ముఖ్యం

మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లో భాగమైన నాటి విశాఖపట్నం జిల్లాలో హిందువుల పెళ్లికి 1930 దాకా చట్టపరంగా కనీస వయసే లేదు. 1860 శిక్షాస్మృతి కాపురం విషయంలో మాత్రమే పదేళ్ల హద్దు పెట్టింది. దాన్ని 1891లో పన్నెండుకు పెంచారు. పెళ్లి ఎప్పుడు చేయాలన్నది ఇంటివాళ్ల ఇష్టానికే వదిలేశారు. ఆ ఇష్టం ఎంత దూరం వెళ్లిందో గురజాడ అప్పారావు "కన్యాశుల్కం" తొలి ముద్రణకు 1897లో రాసిన పీఠికలో అంకెలతో సహా ఉంది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా తీయించారు. లెక్కకు వచ్చినవి 1,034. వాటిలో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. డబ్బు పుచ్చుకుని చేసిన ఈ పెళ్లిళ్లలో ఒక్కటి కూడా నాటి చట్టం కింద నేరం కాదు.

1929 అక్టోబరు 1న బాల్యవివాహాలను అరికట్టే శారదా చట్టానికి ఆమోదం వచ్చింది. అమ్మాయికి 14, అబ్బాయికి 18 కనీస వయసు అన్నారు. అయితే అమల్లోకి వచ్చింది 1930 ఏప్రిల్ 1న. మధ్యలో ఆరు నెలల గడువు దొరికింది. ఆ ఆరు నెలల్లో దేశమంతా ముహూర్తాల కోసం ఎగబడ్డారు, పసిపిల్లలకు కూడా పెళ్లిళ్లు చేసేశారు. పెళ్లయిన పిల్లల సంఖ్య పెరిగిన సంగతి 1931 జనాభా లెక్కల్లో కూడా తేలింది. కాబట్టి అట్ట వెనక "ఫిబ్రవరి 1930" అని ఉంటే దాన్ని మామూలు ఆచారం కింద జమకట్టకూడదు. చట్టం తలుపు మూసేలోపు జరిపించేసిన పెళ్లి అయ్యుండే అవకాశం ఎక్కువ.

మరి "1934" అని ఉంటే? నేరం జరిగిందనే అర్థం, కానీ ఆ పెళ్లి చెల్లుతుంది. ఈ చట్టంలో చాలామందికి తెలియని మెలిక ఇదే. జరిపించినవాళ్లకు శిక్ష ఉంది, పెళ్లికి రద్దు లేదు. పెళ్లికొడుకుకు 21 దాటితే నెల వరకు సాధారణ జైలు, వెయ్యి రూపాయల వరకు జుల్మానా. 18 నుంచి 21 మధ్య అయితే జుల్మానా ఒక్కటే. అదీ ఎవరైనా ఏడాదిలోపు కోర్టుకు వెళ్లి ఫిర్యాదు చేస్తేనే. ఫిర్యాదు చేసినవాడు వంద రూపాయల దాకా పూచీ కట్టాల్సి వచ్చేది. పక్కింటి పెళ్లి మీద కేసు వేయడానికి సొంత డబ్బు వంద రూపాయలు పూచీ పెట్టే మనిషి 1934లో ఎంతమంది ఉంటారు? అందుకే చట్టం వచ్చాక కూడా స్టూడియోలో దర్జాగా ఫొటో దిగగలిగారు. దాచుకోవాల్సిన పనిగా ఎవరికీ అనిపించలేదు.

ఇంకొంచెం దక్షిణంగా వెళ్తే యానాం. ఫ్రెంచి వాళ్ల ఏలుబడిలోని ఊరు కాబట్టి అక్కడ శారదా చట్టం చెల్లదు. గోదావరి జిల్లాల నుంచి పెళ్లివారు పడవలెక్కి వచ్చి పిల్లల పెళ్లిళ్లు చేసుకుపోయేవారు. యానాంకు కల్యాణపురం అన్న పేరు అలా పడిందే. 1954లో ఆ ఊరు ఫ్రెంచి పాలన నుంచి బయటపడేదాకా ఈ దారి తెరిచే ఉంది. ఒకే ఏడు, ఒకే వయసు పిల్ల. ఏటికి ఈ ఒడ్డున నేరం, ఆ ఒడ్డున ఒప్పు. ఫొటో వెనక ఊరి పేరు రాయకపోతే ఈ తేడా ఎప్పటికీ తెలియదు.

తర్వాతి మార్పులు క్లుప్తంగా: అమ్మాయి కనీస వయసు 1949లో 15 అయింది, 1978లో అమ్మాయికి 18, అబ్బాయికి 21 అయ్యాయి. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం 2007 నవంబరు 1 నుంచి అమలైంది. చిన్నతనంలో పెళ్లి అయినవాళ్లు కోర్టుకు వెళ్లి ఆ పెళ్లిని రద్దు చేయించుకునే వీలు దానివల్ల వచ్చింది.

మధ్య కుర్చీలో మగమనిషి, చెరో పక్క ఒక స్త్రీ ఉన్న ఫొటోల దగ్గర ఇంకో జాగ్రత్త కావాలి. మద్రాసు రాష్ట్రంలో హిందువుల ద్విభార్యాత్వాన్ని 1949లో చట్టంతో ఆపారు, దేశమంతటికీ 1955 హిందూ వివాహ చట్టంతో ఆపారు. దానికి ముందైతే ఇద్దరు భార్యలతో ఫొటో దిగడంలో చట్టపరంగా ఏ ఇబ్బందీ లేదు. కానీ చూడగానే "ఇద్దరు పెళ్లాలు" అని తేల్చేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. రెండో ఆవిడ అక్కో, వదినో, చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి చేరిన చెల్లెలో కావచ్చు. మెడలో సూత్రాలు, కాళ్లకు మెట్టెలు, నుదుట బొట్టు ఉన్నాయా లేవా పెద్దది చేసి చూడండి. అవీ తేల్చకపోతే ఇంట్లో బతికున్న పెద్దవాళ్ల మాటే ఆధారం. ఒక కుటుంబం మీద పడే మాట ఇది, ఊహతో అనకూడదు.

తేదీ లేకపోతే కాగితాన్ని అడగాలి

చాలా ఫొటోలకు తేదీ ఉండదు. అప్పుడు బొమ్మను వదిలి కాగితం చూడాలి. పల్చటి కాగితం మీద గోధుమరంగు బొమ్మ, తెల్లగా ఉండాల్సిన చోట పసుపు, మందపాటి అట్టకు అంటించి ఉంటే అది గుడ్డులోని తెల్లసొనతో చేసిన ఆల్బుమెన్ ప్రింటు కావచ్చు. 1850ల నుంచి 1890ల దాకా నడిచిన పద్ధతి అది. అట్ట సుమారు రెండున్నర అంగుళాలకు నాలుగు అంగుళాలుంటే కార్త్ ద విజీత్, నాలుగుంపావుకు ఆరున్నర ఉంటే క్యాబినెట్ కార్డు. క్యాబినెట్ కార్డు 1860ల చివర్లో వచ్చి 20వ శతాబ్దం తొలి దశాబ్దాల దాకా సాగింది. నలుపు తెలుపు బొమ్మలో నీడలున్న చోట, అంచుల వెంట, పక్కనుంచి చూస్తే నీలి వెండిమెరుపు తేలుతుంటే అది జిలాటిన్ ప్రింటు. వెండి పైకి తేలడం వల్ల ఆ మెరుపు వస్తుంది. సముద్రపు తేమ ఉన్న మన ఊళ్లో ఈ మెరుపు ఇంకా త్వరగా కనిపిస్తుంది. పోస్టుకార్డు వెనక భాగం మధ్యలో గీత ఉండి, ఒక పక్క కబురు, ఒక పక్క చిరునామా రాసే వీలుంటే అది 1902కి ముందుది కాదు. అలాంటి కార్డులు ముందుగా బ్రిటన్‌లో ఆ ఏడాదే మొదలయ్యాయి. అంచులు రంపపు పళ్లలా కత్తిరించి ఉంటే ఎక్కువగా 1930ల నుంచి 60ల మధ్యది. వెనక ప్లాస్టిక్‌లా నున్నగా ఉంటే 1970లు లేదా ఆ తర్వాత. రంగులన్నీ వెలిసి ఎరుపు ఒక్కటే మిగిలిన ప్రింట్లు కూడా ఎక్కువగా ఆ కాలానివే.

పొరపాటు జరిగేది నకళ్ల దగ్గర. తాతగారి ఫొటో పాడైపోతుంటే 1960లలో స్టూడియోకు తీసుకెళ్లి దాన్నే మళ్లీ ఫొటో తీయించేవారు. అప్పుడు కాగితం 1960ది, బొమ్మ 1910ది. గీతలు, మరకలు, పాత అట్ట అంచు బొమ్మలో కనిపిస్తున్నాయి, కానీ వేలితో తడిమితే తగలడం లేదు అంటే అది నకలే. అప్పుడు కాగితం చెప్పే తేదీని పక్కన పెట్టి నగలు, జుట్టు ముడి, జాకెట్టు చేతుల పొడవు, వెనక గుడ్డ చూసుకోవాలి. స్టూడియో పేరు ఉంటే ఆ స్టూడియో ఏ వీధిలో ఏ కాలంలో ఉండేదో పాత వ్యాపార డైరెక్టరీల్లో దొరకొచ్చు.

"విశాఖ జిల్లా" అంటే ఏ విశాఖ జిల్లా?

అట్ట మీద "వైజాగపటం డిస్ట్రిక్ట్" అని ఉంటే నేటి నగరమే అనుకోకండి. 1910లో ఆ జిల్లాలో కోరాపుట్, జయపురం కూడా ఉండేవి, అవి 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాకు పోయాయి. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో విడిపోయాయి. అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు 2022లో వచ్చాయి. ఫొటోలో కొండలు, వెనక జనం ఉంటే ఆ చోటు ఇప్పుడు మరో రాష్ట్రంలో ఉండొచ్చు.

చట్టం కూడా చోటును బట్టి మారేది. చాలామంది విజయనగరం, బొబ్బిలి "రాజ్యాలు" కాబట్టి అక్కడ రాజుగారి చట్టమే నడిచిందనుకుంటారు. కాదు. అవి జమీందారీలు, బ్రిటిషు ఇండియా లోపలివి. శారదా చట్టం అక్కడా వర్తించింది. ఏజెన్సీ సంగతి వేరు. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను 1839లో 24వ చట్టంతో మామూలు కోర్టుల పరిధి నుంచి తీసేసి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా పెట్టి ఆయన చేతికి ఇచ్చారు. "ఏజెన్సీ" అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. మైదానంలో చెల్లే చట్టం ఘాట్ ఎక్కాక చెల్లకపోవచ్చు.

నల్లమందు, గంజాయి ఫొటోలను ఈ దృష్టితోనే చూడాలి. బ్రిటిషు కాలంలో వాటిని లైసెన్సు దుకాణాల్లో అమ్మేవారు. దుకాణం హక్కును వేలం వేసేవారు. 1878 నల్లమందు చట్టం ఆ వ్యాపారాన్ని నిషేధించలేదు, పన్ను కట్టించుకుని నడిపింది. కొండల్లో జ్వరాలకు మందని నల్లమందు తినేవారు. 1893లో దీని మీద ఒక రాయల్ కమిషను, గంజాయి మీద వేరే కమిషను కూర్చున్నాయి. నిషేధం కావాలనలేదు, క్రమబద్ధం చేస్తే చాలన్నాయి. మత్తుమందులను నియంత్రించే నేటి ఎన్‌డీపీఎస్ చట్టం 1985 నవంబరులో అమల్లోకి వచ్చింది. అందుచేత బోర్డు కట్టిన గంజాయి దుకాణం ఫొటో దొరికితే దాన్ని దొంగతనంగా నడిపిన కొట్టుగా చూడకూడదు. అది సర్కారు ఖజానాకు రాబడి తెచ్చిన కొట్టు. పోలీసు కన్నుగప్పిన వ్యాపారం వేరు, పోలీసు కాపలాలో జరిగిన వ్యాపారం వేరు. ఏజెన్సీలో గంజాయి సమస్య గురించి నేడు మాట్లాడేవాళ్లు ఈ తేడా తెలుసుకోవడం అవసరం.

పులి మీద కాలు పెట్టి తుపాకీతో నిలబడ్డ దొర ఫొటో ఇంకో రకం. పులులను, చిరుతలను చంపితే సర్కారు బహుమానం ఇచ్చే కాలం అది. చంపడం ఒప్పుకోవడమే కాదు, డబ్బిచ్చి ప్రోత్సహించారు. 1970లో దేశమంతా పులి వేట ఆపారు, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఇక్కడ ఇంటివాళ్లు తెలుసుకోవలసిన ముఖ్య విషయం ఉంది. ఫొటో దాచుకోవడంలో తప్పు లేదు. ఆ ఫొటోలోని పులి తోలు, గోళ్లు, తల ఇంట్లో ఉంటే మాత్రం వేరు. వాటిని అటవీ శాఖకు ప్రకటించి యాజమాన్య పత్రం తీసుకుని ఉండాలి. 2003లో ఆఖరుగా 180 రోజుల గడువు ఇచ్చారు. పత్రం లేకపోతే అది నేటి నేరం, తాతగారి కాలం అనుమతి కాపాడదు. మెడలో పులిగోరుకూ ఇదే వర్తిస్తుంది. తోలు పక్కన నిలబడి తీసిన కొత్త ఫొటోను ఫేస్‌బుక్‌లో పెట్టి చిక్కుల్లో పడకుండా ముందు పత్రం ఉందో లేదో చూసుకోండి.

విశాఖ ఫిషింగ్ హార్బరులో జెట్టీ మీద చుక్కల వేల్ షార్క్ పడి ఉంటే చుట్టూ జనం మూగిన ఫొటోకూ తేదీయే ప్రాణం. 2001 మే 28న ఆ చేపను వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, వేట నిషిద్ధమైన జీవుల మొదటి షెడ్యూలులో చేర్చారు. అంతకు ఏడాది ముందు తీసిన ఫొటో వేట ఫలితం, ఏడాది తర్వాతిది కేసుకు ఆధారం.

అనుమతి ఒకే ఏడాదిలో తిరగబడిన సందర్భం ఉప్పు. తీరం వెంట మనుషులు వంగి ఉప్పు పోగుచేస్తున్న ఫొటో ఊహించండి. 1930 ఏప్రిల్‌లో తీసిందైతే అది ఉప్పు సత్యాగ్రహం. పిడికెడు ఉప్పు తీసినా అరెస్టే. 1931 మార్చి 5న గాంధీ, ఇర్విన్ ఒప్పందం కుదిరింది. ఉప్పు దొరికే తీరగ్రామాలవాళ్లు ఇంటి వాడకానికీ, ఊళ్లో అమ్మకానికీ ఉప్పు తీసుకోవచ్చని అందులో ఉంది. అదే ఇసుక, అదే పని. ఒక ఏడు గడిచేసరికి నేరం కాస్తా ఒప్పు అయిపోయింది.

మిల్లులో పిల్లలు

చిట్టివలస లాంటి జనపనార మిల్లుల పాత గ్రూపు ఫొటోల్లో ముందు వరసలో నేల మీద పిల్లలు కూర్చుని కనిపిస్తే వాళ్లు పనివాళ్ల పిల్లలని అనుకుంటాం. వాళ్లే పనివాళ్లు కావచ్చు. 1881 ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్లు దాటిన పిల్లను పనిలో పెట్టుకోనిచ్చింది, రోజుకు తొమ్మిది గంటలు. అదీ వంద మందికి పైగా పనిచేసే, యంత్రశక్తితో నడిచే ఫ్యాక్టరీలకే. మిగతా చోట్ల ఆ హద్దు కూడా లేదు. 1891లో కనీస వయసు తొమ్మిదికి, పని ఏడు గంటలకు మారాయి. 1922లో వయసు పన్నెండు, పని ఆరు గంటలు. 1934లో అయిదు గంటలు. 1948లో వయసు పద్నాలుగు. పిల్లలను రెండు బృందాలుగా చేసి పూటకొక బృందాన్ని పనికి పెట్టేవారు. ఒక మిల్లులో పొద్దున పూట, ఇంకో మిల్లులో మధ్యాహ్నం పూట పనిచేయించిన సంగతులు నాటి విచారణల్లో బయటపడ్డాయి. వయసు రుజువుకు జనన పత్రం లేదు, పళ్లు, ఎత్తు చూసి డాక్టరు చెప్పిందే వయసు.

ఈ విషయంలో అమెరికాలో ఒక ఫొటోగ్రాఫరు చేసిన పని తెలుసుకోదగ్గది. లూయిస్ హైన్ 1908 నుంచి జాతీయ బాలకార్మిక సంఘం తరఫున మిల్లులు, గనులు తిరిగి అయిదు వేలకు పైగా ఫొటోలు తీశాడు. లోపలికి రానివ్వని చోట వేరే పనిమీద వచ్చినట్టు చెప్పి వెళ్లేవాడు. పిల్ల ఎత్తును తన కోటు గుండీలతో పోల్చి గుర్తుపెట్టుకునేవాడు, జేబులో చెయ్యి పెట్టి లోపలే నోట్సు రాసుకునేవాడు. పేరు, వయసు, ఊరు, మిల్లు, ఎన్నాళ్లుగా పని అన్నీ ప్రతి ఫొటోకూ జోడించాడు. వాటికి బలం బొమ్మ నుంచి ఎంత వచ్చిందో ఆ నాలుగు వరసల నుంచి అంత వచ్చింది. అయినా చట్టం వెంటనే రాలేదు. 1916లో వచ్చిన సమాఖ్య చట్టాన్ని 1918లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. నిలిచిన చట్టం 1938లో వచ్చింది. తొలి ఫొటోకూ చట్టానికీ మధ్య ముప్పై ఏళ్లు.

వాట్సాప్‌లో తిరిగే "అప్పట్లో ఇలా ఉండేది"

పోస్టుమాన్ సంచిలో పసిపిల్ల, కింద "అమెరికాలో పిల్లలను పోస్టులో పంపేవారు" అన్న రాత. ఈ బొమ్మ మన గ్రూపుల్లోనూ వస్తుంటుంది. ఆ బొమ్మ సరదా కోసం నిలబెట్టి తీసిందే. కానీ కింద రాత పూర్తి అబద్ధం కాదు, అందుకే దీన్ని విడదీయడం కష్టం. అమెరికాలో పార్సిల్ పోస్టు 1913 జనవరి 1న మొదలైంది. అదే నెల ఒహాయో రాష్ట్రంలో ఒక దంపతులు తమ బిడ్డను దగ్గర ఊళ్లోని నాయనమ్మ ఇంటికి 15 సెంట్ల స్టాంపులతో, 50 డాలర్ల బీమాతో పంపారు. బరువు హద్దు 11 పౌన్లు, బిడ్డ అంతకు కాస్త తక్కువ. 1914 ఫిబ్రవరిలో ఐడహోలో ఒక చిన్నపిల్ల కోటు మీద 53 సెంట్ల స్టాంపులు అంటించి రైలులోని తపాలా బోగీలో 73 మైళ్లు తీసుకెళ్లారు. తోడు వెళ్లింది బంధువైన తపాలా ఉద్యోగే. ఎవరూ సంచిలో కుక్కి పంపలేదు. నియమాల్లో "మనుషులు వద్దు" అని రాయడం మరిచారు, జనం దాన్ని వాడుకున్నారు, తర్వాత ఆపారు. బొమ్మ కల్పితం, సంగతి నిజం, "ఆచారం" అన్న మాట అబద్ధం.

లండన్‌లో మేడ కిటికీకి వేలాడదీసిన తీగెల బోనులో పసిబిడ్డ కూర్చున్న ఫొటో మరొకటి. అది అచ్చంగా నిజం. 1930లలో చెల్సీ బేబీ క్లబ్ వాళ్లు తోటలేని ఇళ్ల సభ్యులకు ఇచ్చినవి ఆ బోనులు. అలాంటిదానికి 1923లో అమెరికాలో పేటెంటు కూడా ఉంది. పిల్లకు గాలి తగలాలని నాటి డాక్టర్లు గట్టిగా చెప్పడమే కారణం. ఇక్కడ అనుమతి ప్రశ్నే లేదు, అవునని గానీ కాదని గానీ చెప్పే చట్టం లేదు.

ఫొటో తీయడానికి ఎవరి అనుమతి?

ఫొటోలో ఉన్నవాళ్ల అనుమతి సంగతి ఎవరూ అడగరు. 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిని పట్టిన కరువులో విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి తీసిన ఫొటోలు నేటికీ పుస్తకాల్లో వస్తాయి. ఎముకలు తేలిన మనుషులను వరసగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీసినవి. సహాయ పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్న లెక్క ఆ కాలానిదే, ఓడరేవుల నుంచి ధాన్యం ఎగుమతి సాగిందీ ఆ కాలంలోనే. ఆ రెండూ అనుమతి ఉన్న పనులు, ఫొటోలో కనపడవు. అదే హూపర్ 1886లో బర్మాలో మరణశిక్షలు అమలవుతుంటే ఫొటోలు తీశాడని పత్రికల్లో వచ్చి, బ్రిటన్ పార్లమెంటులో ప్రశ్నలు లేచి, విచారణ దాకా వెళ్లింది. కరువు ఫొటోల మీద అలాంటి విచారణ ఏదీ జరగలేదు.

మన ఏజెన్సీ గదబలు, కోందులు, పోరోజాల ఫొటోలు ఎడ్గర్ థర్స్టన్, కె. రంగాచారి 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన కులాలు, తెగల పుస్తకంలో ఉన్నాయి. థర్స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిచేవాడు. బొమ్మ కింద తెగ పేరే తప్ప మనిషి పేరు ఉండదు. ఇలాంటి ఫొటోను నేడు పంచుకునేటప్పుడు "అడవి మనిషి" లాంటి మాట రాస్తే నాటి తప్పును మళ్లీ చేసినట్టే. ఊరు, ఏడాది, తీసినవాడి పేరు రాయండి. పాడేరు, అరకు వైపు ఎవరైనా పెద్దలు ఆ నగను, ఆ నేతను గుర్తుపడితే ఆ సంగతీ రాయండి.

తీయడానికే అనుమతి పోయిన చోట్లూ ఉన్నాయి. విశాఖ రేవు 1933లో తెరుచుకున్నప్పటి బొమ్మల పోస్టుకార్డుల్లో హార్బరు ముఖద్వారం, డాల్ఫిన్స్ నోస్ కొండ, వరసగా క్రేన్లు హాయిగా కనిపిస్తాయి. ఇప్పుడు తూర్పు నౌకాదళ స్థావరం అక్కడే ఉంది. 1923 అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ ప్రదేశంగా ఉన్న చోట ఫొటో తీయడం నేరం. పాత పోస్టుకార్డును ముద్రించుకోవడం వేరు, దాన్ని చేత్తో పట్టుకుని అదే కోణంలో "అప్పుడు, ఇప్పుడు" ఫొటో తీయబోవడం వేరు. ఆ రెండో పని చేయకండి.

దాచడం, స్కాన్ చేయడం

ఫొటోలకు గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ రోజులు 70 దాటుతుంది. 65 దాటాక బూజు మొదలవుతుంది. సముద్రం వైపు గోడకు, వంటగది పక్క గోడకు ఫ్రేము పెట్టకండి. మూత గట్టిగా పట్టే 20 లీటర్ల డబ్బాలో, ఆమ్లం లేని కాగితం కవర్లలో ఫొటోలు పెట్టి, గుడ్డ సంచిలో 200 గ్రాముల సిలికా జెల్ వేయండి. నారింజ గింజలు ఆకుపచ్చగా మారితే, నీలివైతే గులాబీగా మారితే, 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఎండబెట్టి మళ్లీ వాడండి. కలరా ఉండలు వేయకండి, వాటి ఆవిరి ఫొటో మీద పేరుకుంటుంది.

గాజుకు అతుక్కుపోయిన ఫొటోను పీకితే బొమ్మ పొర గాజు మీదే ఉండిపోతుంది. గాజుతో సహా స్కాన్ చేయండి. 70, 80ల నాటి జిగురు పేజీల ఆల్బములోంచి తీయాలంటే మైనం పూయని దంతాల దారాన్ని మూల నుంచి నెమ్మదిగా కిందికి జరపండి, రాకపోతే వదిలేసి పేజీతోనే స్కాన్ చేయండి. లామినేషన్ అసలు వద్దు, వేడికి పొర దెబ్బతింటుంది, ఒకసారి చేస్తే తీయలేం.

స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), టిఫ్ ఫైలుగా చేయండి. క్యాబినెట్ కార్డు అయితే 2550కి 3900 పిక్సెళ్లు, దాదాపు 30 ఎంబీ వస్తుంది. నలుపు తెలుపు ఫొటో అయినా రంగుల్లోనే స్కాన్ చేయాలి, కాగితం పసుపు, వెండిమెరుపు తేదీకి ఆధారాలు కదా. పక్కన స్కేలు పెట్టండి. అట్టను కత్తిరించకుండా, వెనక భాగాన్ని కూడా స్కాన్ చేయండి. చాలామంది వాట్సాప్‌లో పెట్టడానికి మనుషుల ముఖాల దాకా కత్తిరించేస్తారు, స్టూడియో పేరు, ఊరు అక్కడే పోతాయి. అచ్చయిన ఫొటోకు కాపీరైటు, 2012 సవరణ దాకా అచ్చయిన ఏడాదికి మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు ఉండేదని, ఆ సవరణతో తీసినవాడు చనిపోయిన ఏడాదికి మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లకు మారిందని గుర్తుంచుకోండి.

ఫొటో వెనక రాయాలంటే 2బీ పెన్సిలుతో, అంచున, ఒత్తకుండా. బాల్‌పెన్ గీత ముందువైపు గాడిలా తేలుతుంది. నున్నటి ప్లాస్టిక్ కాగితం మీద పెన్సిలు పట్టదు, కవరు మీద రాయండి. ఎవరు, వయసెంత, ఏ ఊరు, ఏ నెల, ఏ ఏడు. ఈ సంగతి ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు. తెలిసింది గట్టిగా, ఊహించింది ప్రశ్నార్థకంతో. కాళ్లు నేలకందని ఆ పెళ్లికూతురి ఫొటో వెనక ఇలా ఉంటే చాలు: "మా నాయనమ్మ తల్లి. వయసు 9. పెళ్లి భీమిలిలో, మాఘం, 1930 (?). చెప్పింది మా మేనత్త."